కొలను అడుగున మోకాళ్లు, దీవిలో విరిగిన పగడం: ఒక డైవర్ కేసు

నేపథ్యం

విజయవాడలో స్కూబా డైవింగ్ నేర్పుతానని చెప్పగానే ఎవరైనా మొదట అడిగేది, ఇక్కడ సముద్రం ఎక్కడుందని. సముద్రం దగ్గరలోనే ఉన్నా పగడాలు లేవు. కృష్ణా గోదావరులు మోసుకొచ్చే ఒండ్రు, మంచినీరు కలిసే మన కోస్తాలో పగడపు దిబ్బలు కట్టుకోవు. దేశంలో అవి ప్రధానంగా అండమాన్ నికోబార్ దీవుల్లో, లక్షద్వీప్‌లో, మన్నార్, కచ్ సింధుశాఖల్లో ఉన్నాయి. అందువల్ల నా దగ్గరికి వచ్చేవారు ఊళ్లోని ఒక ఈతకొలనులో మూడున్నర మీటర్ల లోతున పరికరాలు వాడడం నేర్చుకొని, చెన్నై మీదుగా అండమాన్‌లోని స్వరాజ్ ద్వీప్‌కు, అంటే పాత పేరుతో హేవ్‌లాక్‌కు, వెళ్లి మొదటిసారి పగడాన్ని చూస్తారు. పగడం కంటపడే నాటికే వారి కాళ్లూ చేతులూ కొన్ని అలవాట్లను పట్టుకొని ఉంటాయి. ఆ అలవాట్లు ఎక్కడి నుంచి వస్తాయో నాకు నేర్పిన కేసు కాబట్టి దీన్ని రాసి పెడుతున్నాను. వ్యక్తిని గుర్తుపట్టే వీలు లేకుండా కొన్ని వివరాలు మార్చాను, సాంకేతిక విషయాలను మాత్రం మార్చలేదు.

ఆయన గుంటూరు వైపు వ్యాపారి, నలభై దాటినవారు. చిన్నతనంలో కాలువలో ఈత నేర్చుకొని, తరువాత కృష్ణలో గంటసేపు ఆగకుండా ఈదగలిగేంత సాధన చేశారు. తొలి స్థాయి కోర్సును వేరొక చోట పూర్తి చేసి, అందులో భాగంగా సముద్రంలో నాలుగు డైవులు, ఆ తరువాత సరదాగా మరో రెండు చేశారు. ఆ స్థాయి ధ్రువపత్రంతో 18 మీటర్ల లోతు వరకు వెళ్లవచ్చు. నీరంటే ఆయనకు భయం లేదు. ఆ నిర్భయమే నన్ను మొదట్లో తప్పుదారి పట్టించింది.

నా దాకా వచ్చిన సమస్య

ఆ రెండు సరదా డైవుల తరువాత దీవిలోని గైడు, ఇకమీదట ఈయనను దిబ్బ మీదికి తీసుకువెళ్లనని మర్యాదగానే చెప్పేశాడట. కొమ్మల్లా పెరిగే ఒక పగడం ఆయన పాదానికి తొడుక్కున్న ఫిన్ తగిలి విరిగింది, మరో చోట ఆయన లేపిన ఇసుక వెనుక వచ్చేవారికి దారి కనపడకుండా చేసింది. ఆయనకు ఇది అవమానంగా తోచింది. "నేను ఏదీ ముట్టుకోలేదండీ, కావాలంటే నా వీడియో చూడండి" అని తన కెమెరా నా ముందు పెట్టారు. ఆ వీడియోలో నిజంగానే ఆయన చేతులు ఎక్కడా పగడాన్ని తాకలేదు. కెమెరా ముందుకు చూస్తుంది కాబట్టి వెనుక కాళ్లు ఏం చేస్తున్నాయో అందులో కనపడే అవకాశం లేదని ఆయనకు గాని, ఆ క్షణంలో నాకు గాని తట్టలేదు. మూడు నెలల్లో కొడుకుతో కలిసి మళ్లీ వెళ్లాలని, ఈసారి ఫోటోగ్రఫీ కూడా నేర్చుకోవాలని ఆయన కోరిక. అంతకంటే ముందే ఒకసారి నాతో వచ్చి చూడడానికి ఒప్పుకున్నారు.

మొదట నేను చేసినవి

ఇది శ్రద్ధ లేకపోవడం వల్ల వచ్చిన సమస్య అని తీర్మానించుకున్నాను. నదిలో ఈదిన మనిషికి అడుగున ఉన్నది బండో జీవమో తేడా తెలియదని, తెలిస్తే జాగ్రత్తపడతాడని నా ఊహ. అందుకని రెండు గంటలు కూర్చోబెట్టి చెప్పాను. పగడం రాయి కాదని, వేలాది చిన్న జంతువులు కలిసి కట్టిన సున్నపు గూడని, వాటి కణజాలంలో ఉండే సూక్ష్మ శైవలాలు ఎండను పట్టి వాటికి తిండి పెడతాయని, పైన ఇసుక పడితే దాన్ని జిగురుతో తోసెయ్యడానికి పగడం తన శక్తిని ఖర్చు చేసుకోవాల్సి వస్తుందని వివరించాను. కొమ్మల పగడాల్లో కొన్ని ఏడాదికి పది సెంటీమీటర్ల దాకా పెరిగినా, గుండ్రాయిలా ఉండే పోరైటీస్ వంటివి ఏడాదికి సుమారు ఒక సెంటీమీటరే పెరుగుతాయి. అంటే మీటరు ఎత్తున్న గుండు మన తాతల కాలం నాటిది. గట్టి పగడాలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో, పులితో పాటు ఉన్నాయని చెప్పినప్పుడు ఆయన ముఖం మారింది. నిజంగా కదిలారు, నటన కాదు.

దానితో పాటు కొలనులో ఒక సాధన కూడా చేయించాను. నీటి మధ్యలో మునగకుండా, తేలకుండా నిలబడే స్థితిని మేము న్యూట్రల్ బయన్సీ అంటాం. దాన్ని పరీక్షించడానికి చాలామంది శిక్షకుల లాగే నేనూ విద్యార్థిని పద్మాసనంలో కూర్చోబెట్టి, ఊపిరితోనే ఒక నిమిషం నిలవమంటాను. ఆయన నిమిషంన్నర నిలిచారు. నది ఈతగాడికి ఊపిరి మీద పట్టు ఉండడం సహజం. నేను సంతృప్తిపడి టిక్కెట్లు తీయించాను.

దీవిలో ఆయన మారలేదు. మొదటి డైవులో నేను ఆయన వెనుక మూడు మీటర్ల దూరంలో ఉండి కెమెరాతో తీశాను. 22 నిమిషాల వీడియోలో ఆయన శరీరం గాని పరికరం గాని 17 సార్లు పగడాన్ని తాకింది, అందులో 14 సార్లు ఫిన్లే. పడవ ఎక్కాక ఎన్నిసార్లు తాకి ఉంటారని అడిగితే ఆయన ఆలోచించి "రెండు" అన్నారు. అబద్ధం చెప్పే మనిషి కాదు. ఫిన్ అంటే పాదం దాటి దాదాపు అర మీటరు పొడుగున్న రబ్బరు ముక్క, దాని కొసకు స్పర్శ లేదు. తనకు తెలియని దాని గురించి రెండు గంటల ఉపన్యాసం ఎవరినీ మార్చలేదు.

ఆ రాత్రి నాకు ఒక పాత అధ్యయనం గుర్తుకొచ్చింది. కరీబియన్ దీవి సెయింట్ లూసియాలో 353 మంది డైవర్లను వెనుక నుంచి గమనించి 2004లో ప్రచురించినది. వారిలో సుమారు నాలుగింట మూడొంతుల మంది కనీసం ఒకసారైనా దిబ్బను తాకారు, తాకిడుల్లో అత్యధికం ఫిన్ల వల్లనే, కెమెరా ఉన్నవారు మరింత ఎక్కువ తాకారు. డైవుకు ముందు చెప్పే క్లుప్తమైన సూచన ఒక్కటే పెద్ద తేడా చూపలేదు, నీటిలో గైడు కలుగజేసుకొని సరిదిద్దినప్పుడు మాత్రం తాకిడులు తగ్గాయి. ఈజిప్టులోని రాస్ మొహమ్మద్‌లో చేసి 1997లో ప్రచురించిన మరో అధ్యయనంలో బోధన పని చేసింది గాని, అక్కడ బొమ్మలతో చెప్పిన తరువాత నీటిలో చేసి కూడా చూపించారు. ఈ రెండూ నేను ఎప్పుడో చదివినవే. చదివి కూడా మొదట ఉపన్యాసంతోనే మొదలుపెట్టాను, ఎందుకంటే శిక్షకుడికి అది అన్నిటికంటే సులభమైన పని.

రెండో రోజు, చేతులు కట్టుకొని దిబ్బకు రెండు మీటర్ల పైన ఉండమన్నాను. ఆయన అక్షరాలా పాటించారు. కాని ఆ ఎత్తులో ఉండడానికి కాళ్లు ఆపకుండా కొట్టుకోవాల్సి వచ్చింది, ఎగశ్వాస వచ్చింది, మిగిలినవారి సిలిండర్లలో సగం గాలి ఉండగానే ఆయన గాలి పీడనం చూపే గేజి 50 బార్‌కు, అంటే నిండు సిలిండర్‌లో పావు వంతుకు, పడిపోయింది. అంతలో మాస్కులోకి కొంచెం నీరు చేరింది. అప్పుడు జరిగినది ఈ కేసులో నేను చూసిన అతి ముఖ్యమైన దృశ్యం. ఆయన ఆలోచించకుండా, దేవుడి ముందు కూర్చున్నంత సహజంగా, మోకాళ్లు వంచి కిందికి దిగారు. కింద ఉన్నది ఒక పోరైటీస్ గుండు. దాని మీద మోకాళ్లు ఆన్చి, తల పైకెత్తి, ముక్కుతో ఊది, మాస్కు శుభ్రంగా ఖాళీ చేశారు. పుస్తకంలో ఉన్నట్టే చేశారు.

ఆ భంగిమ నాకు తెలుసు. కొలను అడుగున టైల్స్ మీద విద్యార్థులను వరుసగా మోకాళ్ల మీద నిలబెట్టి మాస్కు ఖాళీ చేయడం, గాలి అందించే రెగ్యులేటర్‌ను నోటి నుంచి తీసి పెట్టుకోవడం నేర్పేది నేనే. ఆయనకు నేర్పింది మరొకరు కావచ్చు, కాని పద్ధతి అదే. నీటిలో ఏ ఇబ్బంది వచ్చినా ముందు కిందికి దిగి మోకాళ్లు ఆన్చాలని మేమే ఆయన శరీరానికి చెప్పాం. కొలనులో అడుగున టైల్స్ ఉంటాయి, దీవిలో అడుగున పగడం ఉంది. ఆ పద్ధతి తెలివితక్కువది కాదని కూడా చెప్పాలి. ఆరుగురు కొత్తవాళ్లు ఒకేసారి నీళ్లు మింగే ప్రమాదం ఉన్నప్పుడు, వారంతా ఒకచోట కదలకుండా ఉండడం శిక్షకుడికి భద్రత. దాని ఖరీదును కట్టేది ఎవరో నేను అంతవరకు లెక్కవేయలేదు.

మళ్లీ కొలనుకు

విజయవాడ తిరిగి వచ్చాక దేన్ని ముందు సరిచేయాలన్నది అసలు ప్రశ్న. ఫిన్ కొట్టే తీరా, శరీరం నిలిచే తీరా, మాస్కు అలవాటా? మునగడానికి నడుముకు కట్టుకునే సీసం బరువుతో మొదలుపెట్టాను. కారణం చిన్న పరీక్షలో దొరికింది. కొలను మధ్యలో ఈదుతున్న ఆయనను కాళ్లు ఆపమని సైగ చేశాను. మూడు సెకన్లలో అడుగుకు చేరారు. అంటే ఆయనను నీటిలో నిలబెడుతున్నది తేలడానికి గాలి నింపే జాకెట్టూ ఊపిరీ కాదు, కాళ్లు. నదిలో అది సమస్యే కాదు, ఈదేవాడు ఎప్పుడూ కదులుతూనే ఉంటాడు. కాళ్లే ఆధారమైన మనిషిని కాళ్లు నెమ్మదిగా ఆడించమంటే ఎలా ఆడిస్తాడు?

సముద్రంలో ఆయన కట్టుకున్నది 9 కిలోలు. మొదటిసారి అద్దెకిచ్చినవారు అంచనాగా ఇచ్చిన బరువు అది. నాతో వచ్చినప్పుడు "నాకు తొమ్మిది అలవాటండీ" అంటే నేను ప్రశ్నించకుండా అదే ఇచ్చాను. ఇప్పుడు కొలనులో, సిలిండర్ దాదాపు ఖాళీ అయ్యాక, జాకెట్టులో గాలి లేకుండా, మామూలు ఊపిరి పీల్చి ఆపితే నీటిమట్టం కళ్ల దగ్గర ఉండే బరువు వెతికాను. 3 కిలోలు తేలింది. ఖాళీ సిలిండర్‌తోనే చూడడానికి కారణం ఉంది. మేము వాడే అల్యూమినియం సిలిండర్‌లో 200 నుంచి 50 బార్‌కు దిగేసరికి సుమారు 2 కిలోల గాలి తరిగిపోతుంది, డైవు చివర మనిషి ఆ మేరకు తేలికవుతాడు. ఇక ఉప్పునీరు మంచినీటి కంటే సుమారు రెండున్నర శాతం సాంద్రం. పరికరాలతో కలిపి ఆయన 110 కిలోల దాకా ఉంటారు కాబట్టి సముద్రంలో మరో 2.75 కిలోలు కావాలి. మొత్తం 6 కిలోలకు లోపే. ఆయన మూడు కిలోలు ఎక్కువ మోశారన్నమాట.

మూడు కిలోలంటే ఎంత అనిపించవచ్చు. ఆ మూడు కిలోలను తేల్చడానికి జాకెట్టులో మూడు లీటర్ల గాలి అదనంగా నింపాలి. పది మీటర్ల లోతున పీడనం ఉపరితలం కంటే రెండింతలు, ఐదు మీటర్ల దగ్గర ఒకటిన్నర రెట్లు. పది నుంచి ఐదుకు వస్తే ఆ మూడు లీటర్లు నాలుగవుతాయి, అడగకుండానే ఒక కిలో బలం పైకి లాగుతుంది. మనిషి కంగారుపడి గాలి వదులుతాడు, కిందికి పడిపోతాడు, మళ్లీ నింపుతాడు. పైగా గాలి భుజాల దగ్గర చేరుతుంది, సీసం నడుముకు ఉంటుంది, కాబట్టి తల పైకీ కాళ్లు కిందికీ పోయి శరీరం ఏటవాలుగా నిలుస్తుంది. అలా నిలిచిన మనిషి ముందుకు తన్నే ప్రతి తన్నూ దిబ్బ వైపే పోతుంది. ఆయన లేపిన ఇసుకకు, విరిచిన కొమ్మకు నేను వెతికిన కారణం ఈ లెక్కలో ఉంది. పద్మాసనంలో నిమిషంన్నర నిలవడం ఈ లోపాన్ని పూర్తిగా దాచేసింది. కూర్చున్న భంగిమలో ఎవరూ ఈదరు గదా.

కొలనులో 3 కిలోలకు దిగి, అందులో ఒక కిలోను నడుము నుంచి తీసి సిలిండర్ పై పట్టీకి కట్టాక శరీరం అడ్డంగా పరుచుకుంది. అప్పుడు కాళ్ల సంగతి మొదలుపెట్టాను. కాలువ ఈతలో కాళ్లు పైకీ కిందికీ ఆడతాయి, ఆ కింది తన్నే ఇసుకను లేపుతుంది. దాని బదులు కప్పలా మోకాళ్లు వంచి, పాదాలను పక్కలకు తెరిచి వెనక్కి తోసే తన్ను కావాలి. నలభై ఏళ్ల చీలమండ దానికి ఒప్పుకోలేదు. గట్టు మీద బెంచీపై బోర్లా పడుకోబెట్టి, ఫిన్లు లేకుండా రోజూ పది నిమిషాలు చేయించాల్సి వచ్చింది. నీటిలోకి వచ్చాక అడుగున చిన్న పీవీసీ గొట్టం ముక్కలు నిలబెట్టి, వాటిపై మట్టి ప్రమిదలు ఉంచి, ఆయన పైనుంచి ఈదాక ఎన్ని పడ్డాయో లెక్కపెట్టాను. తగలకపోయినా ఫిన్ నెట్టిన నీటికే అవి పడిపోతాయి, అదే నాకు కావలసినది. రెండో రోజుకు ప్రమిదల మట్టి ఫిల్టరులో చేరుతోందని కొలను నిర్వాహకులు అభ్యంతరపెట్టారు, స్టీలు మూతలకు మారాం. ప్రమిదలే నయం, మూత పడితే టింగుమనే శబ్దం తప్ప ఏమీ ఉండదు. ప్రమిద విరిగితే ఆయనకు కష్టంగా ఉండేది.

అన్నిటికంటే ఎక్కువ కాలం పట్టింది మాస్కు. అడుగు తాకకుండా, అడ్డంగా ఈదే భంగిమలోనే మాస్కులోకి నీరు నింపి ఖాళీ చేయాలన్నాను. మొదటి రోజు ఐదుసార్లలో ఐదుసార్లూ మోకాళ్లు వంగాయి. వంగినట్టు కూడా ఆయనకు తెలియలేదు, వీడియో చూసి నవ్వారు. ఇక్కడ తొందరపెట్టకూడదని నిర్ణయించుకున్నాను. ముక్కులోకి నీరు పోయి కంగారుపడిన మనిషి ఊపిరి బిగబట్టి పైకి దూసుకుపోతే ఊపిరితిత్తులకు ప్రమాదం, ఏ పగడమూ దానికి సమానం కాదు. అందుకే మాస్కులో మొదట పావు వంతు నీరు, తరువాత సగం, తరువాత పూర్తిగా, ప్రతిసారీ నా చెయ్యి ఆయన జాకెట్టు పట్టీ మీద. నాలుగు తరగతులు పట్టింది.

రెండోసారి సముద్రం

బరువును ఒక్కసారిగా 6కు దించలేదు. లెక్క సరైనదే అయినా, సముద్రంలో బరువు చాలకపోతే డైవు చివర ఐదు మీటర్ల దగ్గర భద్రత కోసం మూడు నిమిషాలు ఆగలేక మనిషి పైకి తేలిపోతాడు, అది ఎక్కువ బరువు కంటే చెడ్డది. మొదటి డైవు 7తో, చివర 50 బార్ ఉండగా ఐదు మీటర్ల దగ్గర జాకెట్టు ఖాళీ చేసి నిలవగలరో లేదో చూసి, రెండో డైవుకు 6 చేశాం. ఆ రెండు డైవులూ పూర్తిగా ఇసుక మీదే, దిబ్బ అంచుకు కూడా పోలేదు. కెమెరాను నాలుగు డైవుల పాటు పడవలోనే ఉంచమన్నాను. "ఇంత డబ్బు పోసి కొన్నది పడవలో పడుకోబెట్టడానికా మాస్టారూ" అన్నారు. కోపంగా కాదు, కాని నవ్వుతూ కూడా కాదు.

దిబ్బ మీద మొదటి డైవులో, ఫిన్ తగిలిన మరుక్షణం నేను ఆయన ఫిన్‌ను రెండుసార్లు తట్టేలా ముందే ఒప్పందం చేసుకున్నాం. ఆయన కొసకు లేని స్పర్శను నా చెయ్యి కొంతకాలం అప్పుగా ఇచ్చింది. ఆ డైవులో మూడుసార్లు తట్టాను, తరువాతి దానిలో ఒకసారి. గాలి కూడా మునుపటి కంటే చాలాసేపు వచ్చింది. మాస్కులో నీరు చేరిన ఒక సందర్భంలో మోకాళ్లు సగం వంగి ఆగిపోయాయి, ఉన్నచోటే ఖాళీ చేశారు.

ఐదో డైవులో కెమెరా తిరిగి ఇచ్చాను. తాకిడులు వెంటనే ఐదుకు పెరిగాయి. కళ్లు కెమెరా అద్దంలో ఇరుక్కోగానే శరీరాన్ని మరిచిపోవడం ఆయన ఒక్కరి లోపం కాదు, నేను గమనించిన చాలామందిలో ఉంది. అప్పటికప్పుడు ఒక షరతు పెట్టాం: పక్కన ఇసుక ఉన్న చోటే ఫోటో, దేన్నీ పట్టుకోకుండా రెండు ఊపిరులు నిలవగలిగితేనే కెమెరా ఎత్తడం, తీశాక తిరగకుండా ముందు వెనక్కి జరగడం. ఎక్కువ తాకిడులు ఫోటో తీసేటప్పుడు కాక, తీశాక పక్కకు తిరిగేటప్పుడు జరిగాయని వీడియో చూపింది. వెనక్కి జరిగే తన్ను ఆయనకు ఇంకా సరిగా రాదు, చేతులతో నీటిని నెడతారు. ఎనిమిదో డైవు నాటికి తాకిడి ఒకటి.

నేను మార్చుకున్నవి

ఆ ప్రయాణం తరువాత కొలనులో మోకాళ్ల వరుసను మానేశాను. మొదటి రోజు నుంచే విద్యార్థులు అడుగుకు చెయ్యెత్తు పైన, బోర్లా పడుకున్నట్టు ఉండి అన్నీ చేస్తారు. దీనివల్ల ఒక్కో జట్టులో నలుగురికి మించి తీసుకోలేకపోతున్నాను, కొలను అద్దె గంటల లెక్కన ఉంటుంది కాబట్టి కోర్సు రుసుము పెరిగింది, అది విని ఇద్దరు వేరే చోటికి వెళ్లారు. బరువు పరీక్ష ప్రతి ఒక్కరికీ కొలనులో ఒకసారి, సముద్రంలో ఒకసారి, ఖాళీ సిలిండర్‌తో చేసి చీటీ మీద రాసి ఇస్తున్నాను. దీవిలో అద్దెకిచ్చేవారు "ఇంకో రెండు కట్టుకోండి, మంచిది" అన్నప్పుడు చూపించడానికి వారి దగ్గర ఒక కాగితం ఉండాలి. పగడం గురించి ఉపన్యాసం ఇప్పటికీ ఇస్తాను, కాని కొలను తరగతులు అయ్యాక. అప్పటికి వారికి తమ కాళ్లు ఎక్కడ ఉన్నాయో తెలిసి ఉంటుంది.

ఈ కేసులో తేలని విషయం ఒకటి మిగిలింది. ఆ ఎనిమిది డైవులూ నీరు నెమ్మదిగా ఉన్న రోజుల్లో జరిగాయి. ప్రవాహం ఉన్నప్పుడు, కెమెరా చేతిలో ఉండి, నిలదొక్కుకోవడానికి ఏదో ఒకటి పట్టుకోవాలనిపించినప్పుడు ఆయన ఏం చేస్తారో నేను చూడలేదు. కొడుకుతో వెళ్లే ప్రయాణంలో ప్రవాహం ఉన్న చోట కెమెరాను నీటిలోకి తీసుకువెళ్లవద్దని రాసి ఇచ్చాను, ఆయన ఒప్పుకున్నారు. కొడుకు నా కొలనులో మూడో తరగతిలో ఉన్నాడు, మోకాళ్లు ఇంతవరకు టైల్స్‌కు తగలలేదు.